ఉచిత కచేరీకి డబ్బులు ఎవరు కట్టారు?



పసుపు ధర మీద రాయమని చాలామంది అడిగారు. అది వచ్చే వారం రాస్తా. ఈ వారం వేరే సంగతి. పోస్టు కాస్త పొడుగు. ఓపిక ఉంటే ఇప్పుడే చదవండి, లేకపోతే సాయంత్రం పనయ్యాక మంచం మీద కూర్చుని చదవండి.

"ఉచితం" అనే మాట మన రైతుల దగ్గర బాగా నలిగిన మాట. బోరుకి ఉచిత కరెంటు అంటారు. దాని డబ్బులు ఎవరో ఒకరు కడితేనే తీగల్లో కరెంటు వస్తుంది. శ్రీరామనవమి పందిట్లో హరికథ కూడా ఉచితమే. కానీ దాసుగారికి సంభావన ఇవ్వాలి, మైకు సెట్టుకి అద్దె కట్టాలి, పందిరికి తాటాకు తేవాలి. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చందా రాసేవాళ్ళు. ఒకళ్ళు 100 రాస్తే ఒకళ్ళు 10 రాసేవాళ్ళు. ఏమీ రాయలేనివాడు పందిరి గుంజలు పాతేవాడు. రాత్రి అందరూ ఒకే చాప మీద కూర్చుని వినేవాళ్ళు. విననీకుండా ఎవర్నీ లేపిన పాపాన పోలేదు. ఉచితం అంటే నాకు తెలిసిన అర్థం ఇది. ఈ మాట ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

పోయిన ఏడాది నేనూ మా ఆవిడా న్యూజెర్సీలో అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉన్నాం. అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల సంగతి మీకు తెలిసిందే. పొద్దున్నే పిల్లలు పనికి పోతారు, మనవడు బడికి పోతాడు, మనం కిటికీలోంచి కార్లు లెక్క పెట్టుకుంటూ కూర్చుంటాం. నడిచి పోగలిగిన దూరంలో ఉన్నది ఒక్కటే, ఆ ఊరి లైబ్రరీ. రోజూ పదింటికల్లా ఇద్దరం అక్కడికి చేరేవాళ్ళం. వెచ్చగా ఉంటుంది, కుర్చీ మంచిది, ఎందుకొచ్చావని అడిగేవాళ్ళు లేరు. ఒక అలమరలో మన తెలుగు పుస్తకాలు కూడా నాలుగు వరసలు ఉన్నాయి. మా ఆవిడ వాటిని మూడు వారాల్లో అయిపోగొట్టింది.

ఒక రోజు తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పియానో కచేరీ, అందరూ రావచ్చు, ఉచితం అని. సాయంత్రం అమ్మాయికి చెప్పా.

"వెళ్దాం నాన్నా, నేనూ వస్తా" అంది.

"ఎందుకమ్మా ఉచితం? ఎవరిస్తున్నారు డబ్బులు?"

"ఏమో నాన్నా. పదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నా, ఆ మాట ఎప్పుడూ అడగలేదు. నువ్వే అడుగు అక్కడ" అని నవ్వింది.

నాకు సంగీతం వచ్చని కాదు గానీ, మా ఇంట్లో హార్మోనియం ఉండేది. ఇప్పటికీ అటక మీద ఉంది. మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో నాటకం అంటే ఎంత పిచ్చో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. పగలు చేలో పని, రాత్రి స్టేజీ పక్కన హార్మోనియం. అందుకని మెట్ల వాద్యం అంటే నాకు చనువు. పియానోని మాత్రం అప్పటిదాకా పాత సినిమాల్లోనే చూశా. జమీందారు బంగళాలో హీరో దాని ముందు కూర్చుని పాట పాడుతుంటే, మేడ మెట్ల మీద హీరోయిన్ కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది చూడండి, ఆ పియానో.

ఆదివారం వెళ్ళేసరికి లైబ్రరీ వెనకాల హాల్లో మడత కుర్చీలు ఓ అరవై వేశారు. అన్నీ నిండినాయి. ఎవరొచ్చారా అని చూశా. చేతికర్రతో ముసలివాళ్ళు, ఒళ్ళో పాపతో ఒక చిన్న వయసు తల్లి, చైనా వాళ్ళు, మన గుజరాతీలు, మనలాంటి తెలుగు అమ్మా నాన్నలు రెండు జంటలు. నా ముందు వరసలో ఒకాయన బురద బూట్లతో, పనిచేసే చోట వేసుకునే పచ్చ చొక్కాతో అలాగే వచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఆయన వంక వింతగా చూడలేదు. అక్కడికి రైల్లో గంట దూరంలో న్యూయార్క్‌లో కార్నెగీ హాల్ అని పెద్ద పేరున్న కచేరీ హాలు ఉంది. దాంట్లోకి ఆ బూట్లతో వెళ్ళాలంటే ఆయనకి మనసొప్పదేమో. ఇక్కడ ఒప్పింది.

వాయించే ఆవిడకి డెబ్భై దగ్గర ఉంటాయి. పిల్లలకి పియానో నేర్పి రిటైరయిన టీచరట. మైకు లేదు. ముందు ఏం వాయించబోతుందో రెండు ముక్కలు చెప్పి కూర్చుంది.

మొదటిది బాఖ్ అనే జర్మనీ ఆయనది. 1722 నాటి పుస్తకంలో మొట్టమొదటి పాట. పెద్ద హంగేమీ లేదు. స్వరాలు ఒకదాని వెంట ఒకటి కింద నుంచి పైకి లేస్తాయి, మళ్ళీ అదే వరస, ప్రతిసారీ కొంచెం మార్పుతో. నాట్లు వేసే ఆడవాళ్ళు ఒకే వరసలో వంగి ఒకే లెక్కన వెనక్కి జరుగుతూ పోతారు చూడండి, చూస్తూ చూస్తూ ఉండగానే మడి అంతా పచ్చబడుతుంది. అలా ఉంది నాకు.

రెండోది బీథోవెన్‌ది. జనం దాన్ని వెన్నెల సొనాటా అంటారు. 1801లో కట్టాడు. అప్పటికే ఆయనకి చెవుడు మొదలైంది, ఆ సంగతి స్నేహితులకి ఉత్తరాల్లో రాసుకుని బాధపడ్డాడు. సంగీతం కట్టేవాడికి చెవుడు రావడం అంటే రైతుకి భూమి చౌడు తేలడం లాంటిది. అయినా ఆ తర్వాత పాతికేళ్ళు కడుతూనే ఉన్నాడు. వెన్నెల అనే పేరు ఆయన పెట్టింది కాదు, చనిపోయాక వచ్చింది. మన బాపట్ల వరి కూడా అంతే కదా. కాగితాల మీద సాంబ మసూరి, మన నోట్లో మాత్రం బీపీటీలు. పేరు పెట్టేది ఒకరు, పిలిచేది ఇంకొకరు.

అది మూడు భాగాల పాట. మొదటి భాగం అవగానే ఒక పిల్లాడు చప్పట్లు కొట్టాడు. అన్ని భాగాలూ అయ్యాక కొట్టాలట, అది వాళ్ళ పద్ధతి. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోబోతే, వాయించే ఆవిడ అటు తిరిగి నవ్వి తలూపింది. మళ్ళీ మొదలుపెట్టింది.

మూడోది షోపెన్‌ది. పోలండు దేశంలో పుట్టిన ఆయన. 39 ఏళ్ళకే పోయాడు. 1838 చలికాలంలో ఛాతీ జబ్బుతో స్పెయిన్ దగ్గర మయోర్కా అనే దీవికి పోయి, ఒక పాత మఠంలో అద్దెకి ఉండి, వానల్లో దగ్గుకుంటూ 24 చిన్న పాటల పుస్తకం పూర్తి చేశాడు. అందులో 15వది ఆవిడ వాయించింది. దానికి జనం పెట్టిన పేరు వానచినుకు. ఆ పేరు గానీ, ఈ కథ గానీ నాకు ఆ తర్వాత తెలిసినవి. ఆవిడ ముందు చెప్పింది పాట నంబరు ఒక్కటే.

ఆ పాటలో మొదటి నుంచి దాదాపు చివరి దాకా ఒకే మెట్టు మోగుతూ ఉంటుంది. టిక్, టిక్, టిక్ అని. దాని చుట్టూ మంచి రాగం నడుస్తుంది. మధ్యలోకి వచ్చేసరికి రాగం కిందికి దిగిపోతుంది. ఎడమ చేతి వైపు లావు తీగల్లో ఏదో ఉరుముతున్నట్టు మొదలై పెరుగుతూ వస్తుంది. ఆ టిక్ టిక్ మాత్రం ఆగదు. ముందు ముద్దుగా వినిపించిన ఆ చప్పుడే ఇప్పుడు భయపెడుతుంది.

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెవి దగ్గరికి వచ్చి, "వాన కదండీ ఇది" అంది.

ఆమె ఐదో తరగతి చదివింది. ఇంగ్లీషు రాదు, కాగితం చదవలేదు, షోపెన్ ఎవరో తెలియదు. "పనల మీద వాన" అంది మళ్ళీ.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ముందు రెండు రాత్రులూ మా చేను కోత కోసి పనల మీద ఉంది. రాత్రి మేము పడుకోలేదు. వరండా రేకు మీద చినుకు మొదలైనప్పుడు ఇద్దరం లేచి కూర్చున్నాం. లైటు వేసుకోలేదు, మాట్లాడుకోలేదు. మొదటి చినుకులప్పుడు ఆగుతుందిలే అనుకుంటాం. తర్వాత అదే చప్పుడు పెరిగి పెరిగి చెవుల్లో నిండిపోతుంది. తెల్లారి వెళ్తే పనలు నీళ్ళలో తేలుతున్నాయి. వారానికి మొలకలొచ్చాయి. ఆ రాత్రి గురించి మేమిద్దరం ఆ తర్వాత ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఏముంది, అప్పు లెక్కే కదా వచ్చేది.

దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటి జబ్బు మనిషి ఎక్కడో దీవిలో కూర్చుని కట్టిన పాట, మా ఇద్దరికీ ఆ రాత్రిని మళ్ళీ తెచ్చి ముందు పెట్టింది. చివర్లో ఆ చినుకు సన్నబడి, మళ్ళీ మొదటి రాగం వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంటికి నడిచి వస్తూ మొదటిసారి ఆ తుఫాను గురించి మాట్లాడుకున్నాం. ఎంత పోయింది, ఎవరు సాయం వచ్చారు, ఎవరు మొహం చాటేశారు, అన్నీ. అమ్మాయి వింటూ నడిచింది. ఆమెకి మేము అప్పుడు ఫోన్లో "కొంచెం తడిసింది" అని మాత్రమే చెప్పాం.

కచేరీ అయ్యాక జనం పల్చబడనిచ్చి నేను పియానో దగ్గరికి వెళ్ళా. మా నాన్న హార్మోనియం వాయించేవాడని అమ్మాయి చేత చెప్పించా. ఆవిడ సంతోషపడి మూత పూర్తిగా ఎత్తి లోపల చూపించింది. మొత్తం 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగని కొట్టి వెంటనే వెనక్కి పడుతుంది. సుత్తికి గొర్రె ఉన్నితో చేసిన మెత్త ఉంటుంది. పై స్వరాలకి ఒక్కోదానికి మూడేసి సన్న తీగలు, కింది స్వరాలకి రాగి చుట్టిన లావు తీగ. అన్నీ కలిపి రెండు వందల పైన తీగలు. వాటన్నిటి లాగుడు కలిపితే 18 టన్నుల దాకా ఉంటుందట. మన లెక్కలో 75 కిలోల వడ్ల బస్తాలు 240. అంత లాగుడికి కొయ్య ఆగదు కాబట్టి లోపల పోత ఇనుము చట్రం ఉంటుంది.

హార్మోనియంలో వేలు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా మోత ఒకటే, తిత్తి గాలిని బట్టి పెరుగుతుంది. పియానోలో వేలి బరువుని బట్టి మోత మారుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి అనే ఆయన దీన్ని కనిపెట్టింది అందుకే. పియానో అనే మాటకి అర్థమే మెల్లగా అని. అసలు పూర్తి పేరు మెల్లగా, గట్టిగా రెండూ కలిపిన మాట. మన పద్యంలో లాగా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం మాత్రం దానికి కుదరదు. దానికి బదులు పది వేళ్ళతో ఒకేసారి పది పలికిస్తుంది. ఎవరి విద్య వాళ్ళది.

అప్పుడు లైబ్రరీ ఆవిడని నా ప్రశ్న అడిగా. దీనికి డబ్బులు ఎవరిచ్చారు? ఆమె చక్కగా లెక్క చెప్పింది.

పియానో ఊళ్ళో ఒక కుటుంబం ఇచ్చింది. వాళ్ళమ్మ పోయాక ఇంట్లో వాయించేవాళ్ళు లేక. కొయ్య తేమకి ఉబ్బుతుంది, ఎండకి ఎండుతుంది, శృతి తప్పుతుంది. అందుకని ఏడాదికి రెండుసార్లు శృతి చేసేవాడిని పిలవాలి. ఆ కూలీ, వాయించిన ఆవిడకి ఇచ్చే సంభావన లైబ్రరీ మిత్రులు అనే ఊరి సంఘం ఇస్తుంది. వాళ్ళు పాత పుస్తకాలు సేకరించి డాలరుకీ రెండు డాలర్లకీ అమ్మి పోగేస్తారు. హాలు, కరెంటు, జీతాలు ఊరి ఇంటి పన్నులోంచి. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఊరి లైబ్రరీకి ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకి కనీసం 33 సెంట్లు చొప్పున పోవాలి. ఐదు లక్షల డాలర్ల ఇల్లయితే ఏడాదికి 167 డాలర్ల దాకా అవుతుంది. పన్ను బిల్లులో అది విడిగా ఒక వరసలో అచ్చేసి ఉంటుంది. ఇంటికొచ్చి అమ్మాయి బిల్లు తీసి చూశాం. ఉంది. "నేనే కట్టానన్నమాట నాన్నా" అంది అమ్మాయి.

అంటే మన నవమి పందిరి లెక్కే. అక్కడ చందా, ఇక్కడ పన్ను. వినేవాడి దగ్గర తలుపు కాడ డబ్బులు అడగకపోవడం వెనకాల ఇంతమంది ముందే కట్టిన డబ్బు ఉంది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి, ఇందాక చెప్పిన హాలు కట్టించిన ఆయనే, 1,600కి పైగా ఊరి లైబ్రరీలు కట్టడానికి డబ్బిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. స్థలం ఊరివాళ్ళు ఇవ్వాలి, కట్టడానికి అయిన ఖర్చులో పదో వంతు ప్రతి ఏటా నడపడానికి ఊరివాళ్ళే పెట్టుకోవాలి, ఒప్పుకుంటేనే చెక్కు. భవనం కట్టి తాళం వేసుకునేవాళ్ళని ఆయన బాగా ఎరుగు ఉండాలి.

ఇప్పుడు మన సంగతికి వస్తా. అసలు ఈ పోస్టు రాస్తున్నది ఇందుకే.

మనం పుస్తకాల విషయంలో వెనకబడ్డ వాళ్ళం కాదు. 1935లో మా పక్క కాలవలోనే, పెదవడ్లపూడి కొల్లూరు మధ్య, పాతూరి నాగభూషణం గారి చొరవతో పడవ మీద లైబ్రరీ తిరిగింది. రేవు రేవుకీ ఆపి పుస్తకాలు ఇచ్చేవాళ్ళు. అయ్యంకి వెంకటరమణయ్య గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. 1960లో చట్టం కూడా వచ్చింది. మన ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాలి. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. మీరూ కడుతున్నారు.

మా ఊళ్ళో 800 ఇళ్ళు. ఇంటికి సగటున 600 రూపాయల పన్ను అనుకున్నా, 48 రూపాయల చొప్పున ఏడాదికి 38,400. ఇది చిన్న డబ్బు కాదు, మన డబ్బు. మా ఊరి లైబ్రరీ మాత్రం ఒక గది. స్థలం ఒక రైతు ఇచ్చింది. నా చిన్నప్పుడు పొద్దున్నే పేపరు కోసం అరుగు మీద పదిమంది ఉండేవాళ్ళు. చూసుకునే ఆయన రిటైరయ్యాక తాళం పడింది. ఇప్పుడు ఆ గదిని ఎరువుల గోడౌనుకి ఇద్దామని ప్రతిపాదన. వచ్చే గ్రామసభలో పెడుతున్నారు.

గోడౌను కావాలనే వాళ్ళ మీద నాకు కోపం లేదు. యూరియా కట్టలు వానలో తడిస్తే నష్టం ఎవరికో నాకూ తెలుసు. దానికి మార్కెటింగ్ షెడ్డు పక్కన ఖాళీ స్థలం ఉంది. లైబ్రరీ గది ఒకసారి పోతే మళ్ళీ రాదు.

మా ఊరి కుర్రాడొకడు అన్నాడు, "బాబాయ్, ఫోన్లో ప్రపంచం అంతా ఉంది, ఆ గదికి ఎవడొస్తాడు?" అని. సరైన ప్రశ్నే. ఆ వానచినుకు పాట నా ఫోన్లో కూడా ఉంది. ఇక్కడికొచ్చాక నాలుగైదుసార్లు పెట్టుకున్నా. రెండో నిమిషంలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు, లేకపోతే నేనే వేరేదానికి మారుస్తా. ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. ఆ హాల్లో అరవైమంది మధ్య గంటసేపు కదలకుండా విన్నా. పక్కన మా ఆవిడ ఉంది, ముందు బురద బూట్ల ఆయన ఉన్నాడు. పక్కమనిషి వింటుంటే మనమూ వింటాం. నాటకం చూడటానికి తెల్లార్లూ కూర్చున్న ఊళ్ళవాళ్ళం మనం, ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అమెరికా వాళ్ళకి డబ్బుంది, మనకేదీ అంటారు ఇంకొందరు. నిజమే. నేను పియానో అడగట్లేదు. గది వెల్ల వేయించడానికి, రెండు పేపర్లకి, రెండు ఫ్యాన్లకి ఎంతవుతుందో లెక్క రాశా. నా వాటా ముందే ఇస్తున్నా. ఆదివారం సాయంత్రం రెండు గంటలు తాళం తీసి కూర్చోవడానికి రిటైరయిన మాస్టారు ఒకరు ఒప్పుకున్నారు. నెలకొకసారి హరికథో, పద్యాలో, వీణ నేర్చుకునే పిల్లలుంటే వాళ్ళ కచేరీయో పెడదాం. మా నాన్న హార్మోనియం అటక మీంచి దించి తెనాలిలో బాగుచేయించడానికి ఇచ్చా. రెండు రీడ్లు పోయాయి, తిత్తి చిరిగింది, మిగతా అంతా బాగానే ఉందన్నాడు.

మా ఊరివాళ్ళు ఇది చదువుతుంటే, గ్రామసభకి రండి. చేతులెత్తేటప్పుడు లెక్కకి మనుషులు కావాలి. ఆడవాళ్ళు కూడా రండమ్మా, మా ఆవిడ వస్తోంది, మాట్లాడతానని కూడా అంటోంది. వేరే ఊళ్ళవాళ్ళు మీ పన్ను రసీదులో ఆ 8 పైసలు చూసుకోండి. ఆ డబ్బుతో నడవాల్సిన గది మీ ఊళ్ళో ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో అడగండి. మర్యాదగా అడగండి, గట్టిగా అడగండి.

ఉంటాను. పసుపు సంగతి వచ్చే వారం.